బోరు బండి మోతలో పియానో శ్రుతి: ఒక కేస్ స్టడీ

ఈ కేసు సికింద్రాబాద్‌లోని ఒక పాత హాలుది. ఏప్రిల్ నెలాఖరులో అక్కడ పిల్లలకు పాశ్చాత్య సంగీత పరీక్షలు పెట్టారు. పరీక్ష రోజు ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒకరి తరవాత ఒకరు వాయిస్తూనే ఉంటారు కాబట్టి, హాలులోని నిలువు పియానోను ముందురోజే శ్రుతి చేసి ఉంచాలి. హాలు ఖాళీగా దొరికేది మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు మాత్రమే. ఆ మధ్యాహ్నమే, గోడకు అవతల ఉన్న అపార్ట్‌మెంట్ స్థలంలో నీళ్ళ కోసం బోరు బండి దిగింది. కిటికీలు తీసి ఉన్న ఆ హాలులో పక్కపక్కన నిలబడి మామూలుగా మాట్లాడుకున్నా ఒకరి మాట ఒకరికి అందని పరిస్థితి.

ఇలాంటి చోట చెవితో ట్యూనింగ్ చేయడం కుదరదని సామాను సర్దుకుని వెళ్ళిపోయేవారు ఉన్నారు, వారి నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. మోతకు తగ్గట్టు మీటలను మరింత గట్టిగా కొడుతూ అదే పద్ధతిలో పని ముగించేవారు కూడా ఉన్నారు. దానిని మాత్రం ఒప్పుకోలేను, ఎందుకంటే అలా ముగిసిన పియానో నిశ్శబ్దంలో విన్నప్పుడు మధ్య స్థాయి అంతా చెదిరి ఉంటుంది. మోత అన్నది ఒకే ముద్ద కాదనీ, ఒక్కో మోతకు తనదైన పౌనఃపున్యాల పరిధీ, తనదైన వేళా ఉంటాయనీ, వాటిని ముందుగా గుర్తిస్తే చెవి ఆధారపడే బీట్లను (దగ్గరి పౌనఃపున్యాలు రెండు కలిసినప్పుడు వినిపించే హెచ్చుతగ్గుల ఊపును) మోత తక్కువగా ఉన్న చోటికి మార్చుకోవచ్చుననీ ఈ కేసు ద్వారా చూపించదలచుకున్నాను. అందుకు పని వరస మారాలి, వినే స్వరజంటలు మారాలి, కొన్ని పనులను కావాలనే వాయిదా వేయాలి.

పియానో స్థితి

అది యమహా నిలువు పియానో, వయసు మీరినదే అయినా తీగలు చుట్టి ఉండే పిన్నులు పలకలో గట్టిగానే ఉన్నాయి. 88 మీటలకు రెండు వందల పైచిలుకు తీగలు. అన్నిటి లాగుడూ కలిపితే పదిహేను నుంచి ఇరవై టన్నుల దాకా ఉంటుంది. మన దగ్గర వానాకాలంలో గాలిలోని తేమను సౌండ్‌బోర్డు చెక్క పీల్చుకుని ఉబ్బడం వల్ల తీగలు బిగిసి శ్రుతి పైకి పోతుంది. వేసవి మొదలయ్యేసరికి చెక్క ఆరి, ఆ ఉబ్బు తగ్గి శ్రుతి దిగుతుంది. ఈ మార్పు పియానో అంతటా ఒకేలా ఉండదు, మధ్య స్థాయిలోనే ఎక్కువ. ఇక్కడా అదే జరిగింది: మంద్ర స్థాయి తీగలు కొంతవరకు నిలబడ్డాయి, మధ్యలో మాత్రం పది సెంట్ల (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) మేర దిగింది. ఏ4 (440 హెర్ట్జ్ స్వరం; అక్షరం స్వరాన్నీ, అంకె స్థాయినీ చెబుతుంది) దగ్గర పది సెంట్లంటే సుమారు రెండున్నర హెర్ట్జ్, అంటే ట్యూనింగ్ ఫోర్కుతో కలిపి వాయిస్తే సెకనుకు రెండున్నర బీట్లు వినిపిస్తాయి.

ఇంత దిగిన పియానోను ఒకే విడతలో శ్రుతి చేయకూడదు. ఒక భాగంలో తీగల లాగుడు పెంచుతుంటే తీగలు ఆనే వంతెన మీద బరువు పెరిగి, అంతకు ముందు సరిచేసిన భాగం కిందికి జారుతుంది. కాబట్టి మొదట ఒక ముతక విడత చేయాలి: ఎంత దిగిందో దానిలో సుమారు పావు వంతు అదనంగా పైకి లాగి వదిలితే, జారిన తరవాత కావలసిన చోటికి దగ్గరగా వచ్చి ఆగుతుంది. ఈ ముతక విడతకు సన్నని వినికిడి అవసరం లేదు. బోరు మోత పూర్తిగా ఉన్నప్పుడే దీనిని ముగించాను. నిశ్శబ్దం కోసం కాచుకుని కూర్చోవడం కంటే, నిశ్శబ్దం అక్కరలేని పనిని ఆ వేళకు కేటాయించడం మేలు.

మోతలను విడదీయడం

పిన్నులు తిప్పే లివరు పట్టుకునే ముందు హాలులో నాలుగు మూలలా నిలబడి ఏమేమి మోగుతున్నాయో విన్నాను. ఈ కాస్త సమయం ఎప్పుడూ వృథా కాదు. బోరు బండి సరే, అది అందరికీ వినిపిస్తుంది. ట్యూనరును నిజంగా తప్పుదారి పట్టించేవి మాత్రం అంతకంటే చిన్నవి.

మొదటిది ట్యూబులైట్ల చోకు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత ఇనుప చోకులు అందుకు రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్ దగ్గర, దాని అనుస్వరాలైన (మూల పౌనఃపున్యానికి రెండు, మూడు, నాలుగు రెట్ల దగ్గర తోడుగా పలికేవైన) 200, 300, 400 దగ్గర కూడా జుమ్మంటాయి. పియానోలో జి2 స్వరం 98 హెర్ట్జ్, జి3 స్వరం 196 హెర్ట్జ్. చోకు జుమ్ముతో జి2 కలిసినప్పుడు సెకనుకు రెండు బీట్లు, జి3 కలిసినప్పుడు నాలుగు బీట్లు పుడతాయి. ఆ బీట్లు తీగల మధ్యవి కావు, తీగకూ లైటుకూ మధ్యవి. తెలియనివారు జి3 మూడు తీగలను ఎంత సరిచేసినా ఆ బీటు పోదు. పక్క తీగలను ఫెల్టుతో మూసి ఒక్క తీగనే మోగించినా బీటు వినిపిస్తే అనుమానించవలసినవి రెండు: ఆ తీగలోనే దోషం ఉండాలి, లేదా గదిలో మరొకటి మోగుతుండాలి. లైట్లు ఆర్పించి మళ్ళీ మోగిస్తే సంగతి తేలిపోతుంది. ఇక్కడ ఆర్పగానే జి3 నిలకడగా పలికింది. ఆ తరవాత కిటికీ వెలుతురులోనూ, చీకటి పడ్డాక బ్యాటరీ దీపం వెలుతురులోనూ పని చేశాను.

రెండవది సీలింగ్ ఫ్యాను. ఎత్తయిన కప్పు నుంచి పొడవాటి రాడ్డుకు వేలాడే మూడు రెక్కల ఫ్యాన్లు ఆ హాలులో ఉన్నాయి. పియానోకు సరిగ్గా పైన ఉన్నది తక్కువ వేగంతో, చూపుకు రెక్కలు విడివిడిగా అందేంత నెమ్మదిగా తిరుగుతోంది. సెకనుకు రెండు చుట్లు అనుకుంటే, మూడు రెక్కలు కలిపి సెకనుకు ఆరుసార్లు శబ్దమార్గాన్ని కోస్తాయి. పియానో నుంచి పైకి పోయి తిరిగి వచ్చే ధ్వని ఆ లయలోనే పెరిగి తగ్గుతుంది. ట్యూనరు తన పనికి పునాదిగా వేసుకునే ఎఫ్3–ఏ3 జంట బీట్లు సెకనుకు సుమారు ఏడు. ఆరూ ఏడూ ఒకదాని మీద ఒకటి పడినప్పుడు చెవికి అందేది ఒక నిలకడ లేని అదురు, దానిని లెక్కపెట్టడం సాధ్యం కాదు. ఆ జంటను పట్టి ఉంచి, ఫ్యాను కట్టేయమని కాపలా ఆయనతో చెప్పాను. రెక్కలు ఆగుతున్నకొద్దీ ఆ అదురు సాగి, పలచబడి, చివరికి తీగల బీటు ఒక్కటే మిగలడం స్పష్టంగా వినిపించింది. ఏప్రిల్ ఉక్కలో ఫ్యాను లేకుండా పని చేయడం సుఖం కాదు, అయినా ఈ ఒక్క విషయంలో రాజీ పడకూడదు.

మూడవది బోరు బండి. గోడ దాటి వెళ్ళి దాని పక్కన కాసేపు నిలబడ్డాను. మన నేల కింద ఉన్నది గట్టి గ్రానైటు. గాలి ఒత్తిడితో పని చేసే సుత్తి రాతిని లోపల కొడుతూ ఉంటే, కంప్రెసరు ఆ గాలిని అందిస్తూ, రాతిపొడిని పైకి చిమ్ముతూ ఉంటుంది. ఈ మోతలో ప్రధానమైనది కింది పౌనఃపున్యాల హోరు. గోడలూ మూసిన కిటికీలూ పై పౌనఃపున్యాలను బాగా తగ్గించగలవు కానీ కింది హోరును అంతగా ఆపలేవు. అయితే బండికి ఒక వరస ఉంది. ఇరవై అడుగుల రాడ్డు పూర్తిగా నేలలోకి దిగగానే పని ఆపి, మరో రాడ్డు బిగించి, మళ్ళీ మొదలుపెడతారు. ఆ బిగింపు వేళ ఇంజను తిరుగుతూనే ఉన్నా సుత్తి దెబ్బా, గాలి హోరూ ఆగిపోతాయి. బండి మీది మనిషిని, “అన్నా, ఇంకెంత లోతు పోవాలె?” అని అడిగాను. “నీళ్లు పడేదాక సార్. పొద్దుగూకితే మాత్రం ఆపేస్తం, కాలనీవాళ్లు ఊకోరు” అన్నాడు. రాయి గట్టిదిగా ఉన్నందున ఒక్కో రాడ్డు దిగడానికి చాలా సేపే పడుతోందని కూడా ఆయనే చెప్పాడు. ఆ నాలుగు మాటలతో నాకు పని వేళల పట్టిక చేతికొచ్చింది: దీర్ఘమైన హోరు, మధ్యమధ్య నిమిషం రెండు నిమిషాల తెరిపి, చీకటి పడ్డాక వీధి సద్దు మాత్రమే.

బీటు ఎక్కడ పుడుతుంది

ఇంటర్ భౌతికశాస్త్రంలో విస్పందనాలని చదువుకున్నవే మా పనిలోని బీట్లు. రెండు వేర్వేరు స్వరాలు కలిసి మోగినప్పుడు బీటు సాధారణంగా ఆ స్వరాల మూల పౌనఃపున్యాల దగ్గర పుట్టదు. రెండింటి అనుస్వరాల్లో ఎక్కడ దగ్గరి జంట పడుతుందో అక్కడ పుడుతుంది. తంబూరా మంద్ర షడ్జమం తీగను శ్రద్ధగా వినేవారికి అందులోంచి అంతర గాంధారం దానంతట అదే పలకడం తెలుసు. అది ఆ తీగ అయిదవ అనుస్వరం. పియానోలో ఎఫ్3 తీగలోనూ అదే విధంగా అయిదవ అనుస్వరం 873 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఏ3 తీగ నాలుగవ అనుస్వరం 880. ఈ రెండింటి తేడా, అంటే సెకనుకు సుమారు ఏడు, మనం వినే బీటు. అందువల్ల ఎఫ్3–ఏ3 జంటను శ్రుతి చేసేటప్పుడు చెవి ఉండవలసిన చోటు 175 దగ్గరా కాదు, 220 దగ్గరా కాదు, 880 దగ్గర.

మోతలో పని చేసేవారికి దీనిని మించిన ఆధారం లేదు. కింది పౌనఃపున్యాల హోరు తనకంటే పైన ఉన్న సన్నని శబ్దాలను కూడా కొంతవరకు కప్పేస్తుంది, కానీ హోరుకు ఎంత దూరంగా పైకి వెళితే ఆ కప్పుదల అంత తగ్గుతుంది. ఇక ఏ జంట బీటు ఎక్కడ పుడుతుందో చూద్దాం. ఎఫ్3–సి4 పంచమం జంట బీటు 523 హెర్ట్జ్ దగ్గర, సెకనుకు 0.6 వేగంతో ఉంటుంది. అంటే ఒక్క అల పూర్తి కావడానికి సెకనున్నర పైనే పడుతుంది. హోరు ఉన్న చోటనే అది ఉంది, పైగా ఆ సెకనున్నరలో హోరు తానే ఎన్నోసార్లు పెరిగి తగ్గుతుంది. ఏ పెరుగుదల దేనిదో చెవి విడదీయలేదు. గాంధారం జంటల (ఎఫ్3–ఏ3 లాగా, మొదటి స్వరానికి దాని నుంచి మూడవది తోడైనవి; చతుర్థం, షష్ఠం, దశమం కూడా ఇలాగే లెక్క) బీట్లు 870 నుంచి 1400 హెర్ట్జ్ మధ్య ఉంటాయి, సెకనుకు ఏడు నుంచి పదకొండు. అర సెకను స్వచ్ఛంగా వినిపించినా వాటి లయ అందుతుంది. మామూలు రోజుల్లో నేను చతుర్థాలూ పంచమాలతో మొదలుపెట్టి గాంధారాలతో సరిచూసుకుంటాను. ఇక్కడ వరస తిప్పేశాను: గాంధారాలతో, షష్ఠాలతో కట్టి, పంచమాలను తెరిపి దొరికినప్పుడు సరిచూశాను.

చెవికీ తీగకూ మధ్య దూరం కూడా ఇక్కడే చెప్పాలి. నిలువు పియానో పై ముందు పలకను తీసేసి, తలను ఆ తెరిచిన చోటికి వీలైనంత దగ్గరగా పెట్టాను. మామూలుగా కూర్చున్నప్పుడు ఎనభై సెంటీమీటర్ల దూరంలో ఉండే చెవి ఇరవై సెంటీమీటర్లకు చేరితే, తీగ శబ్దం పది పన్నెండు డెసిబెల్స్ పెరిగినట్టు లెక్క. బయటి హోరు మాత్రం ఉన్నంతే ఉంటుంది. మెడ నొప్పి పుడుతుంది, అయినా ఇంత చౌకైన ఉపాయం మరొకటి లేదు. వీపు వైపు కిటికీలు మూయించాను. చెవిలో పెట్టుకునే ప్లగ్గుల సంగతి వేరు: అవి తీగనూ హోరునూ రెండింటినీ తగ్గిస్తాయి కాబట్టి బీటును స్పష్టం చేయవు, కానీ గంటల తరబడి హోరులో ఉన్న చెవి మొద్దుబారకుండా కాపాడతాయి. ముతక విడత అంతా ప్లగ్గులతోనే చేశాను.

పునాది స్వరాలు

ఏ4ను ఫోర్కుతో సరిచేసే పనిని రాడ్డు మార్చే తెరిపికి ఉంచాను. దానికి కారణం ఉంది. ఏ4ను కచ్చితంగా పెట్టడానికి ఎఫ్2ను మధ్యవర్తిగా తీసుకుంటాం: ఎఫ్2 అయిదవ అనుస్వరం 436.5 హెర్ట్జ్, దానితో ఫోర్కు ఎన్ని బీట్లు ఇస్తుందో, ఏ4 తీగ కూడా అన్నే ఇవ్వాలి, సుమారు మూడున్నర. ఈ పరీక్ష 440 దగ్గర జరుగుతుంది, అది సరిగ్గా హోరులో పడుతుంది. తెరిపి కోసం ఎదురుచూస్తూ ఫోర్కు కాడను చెవి ముందరి ఎముకకు ఆనించి ఆ స్వరాన్ని మనసులో నిలుపుకున్నాను. ఎముక ద్వారా వచ్చే శబ్దానికి బయటి మోత అంతగా అడ్డు రాదు.

ఫోర్కు విషయంలో వేసవిలో గుర్తుంచుకోవలసింది ఒకటి ఉంది. ఉక్కు ఫోర్కు మీద చెక్కిన 440 మామూలుగా 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరి లెక్క. ఉక్కు వేడెక్కితే దాని బిగువు తగ్గి స్వరం దిగుతుంది. డిగ్రీకి సుమారు పదివేలలో ఒక వంతు. ఫ్యాన్లు ఆపిన ఆ హాలులో వేడి 36 డిగ్రీల దాకా ఉంది, అంటే నా చేతిలోని ఫోర్కు పలుకుతున్నది 439 పైచిలుకు మాత్రమే. ముప్పావు హెర్ట్జ్ తేడా ఒంటరిగా వాయించే పియానోకు పట్టింపు కాకపోవచ్చు. కానీ పరీక్షలో వయొలిన్ పిల్లలకు ఇదే పియానో తోడు వాయించాలి, వారు ఇంట్లో ఫోన్ యాప్‌లతో 440కి శ్రుతి చేసుకుని వస్తారు. అందుకని ఏ4ను ఫోర్కు కంటే రవ్వంత పైన, సెకనుకు ఒక బీటుకు కాస్త తక్కువ తేడాతో నిలిపాను.

అక్కడి నుంచి హోరు మళ్ళీ మొదలైనా పని ఆగలేదు. ఏ4 నుంచి ఏ3కి దిగడానికి ఎఫ్3ను పరీక్ష స్వరంగా వాడాను. ఎఫ్3–ఏ3 గాంధారం, ఎఫ్3–ఏ4 దశమం, ఇంకా పైకి ఎఫ్3–ఏ5: ఈ మూడు జంటల బీట్లూ 880 చుట్టూనే పుడతాయి, లెక్క ప్రకారం మూడింటి వేగమూ ఒకటే. స్థాయిభేదం ఎంతైనా చెవి ఒకే చోట కూర్చుని వినవచ్చు. అసలు పియానో తీగలు బిరుసైనవి కావడంతో అనుస్వరాలు లెక్క కంటే కొంచెం పైన పలుకుతాయి, కాబట్టి స్థాయిని కొద్దిగా సాగదీయాలి. దశమం బీటు గాంధారం బీటు కంటే వెంట్రుకవాసి వేగంగా ఉంటే స్థాయి సరిగ్గా సాగినట్టు. ఇంత సన్నని నిర్ణయం కూడా బోరు నడుస్తుండగానే చేయగలిగాను, 880 దగ్గర చెవికి చోటు ఉంది కనుక.

తరవాత వరస గాంధారాలు. ఎఫ్3–ఏ3, ఏ3–సి షార్ప్ 4, సి షార్ప్ 4–ఎఫ్4, ఎఫ్4–ఏ4. వీటి బీట్లు వరసగా 6.9, 8.7, 11, 13.9 దగ్గర ఉండాలి. ఒక్కొక్కటీ ముందుదాని కంటే నాలుగుకు అయిదు చొప్పున పెరగాలి. అంకెలను చెవితో ఎవరూ కొలవరు, ఆ పెరుగుదల సమంగా ఉందా లేదా అన్నదే వింటాం. ఈ మెట్లు కుదిరితే సమశ్రుతికి (స్థాయిలోని పన్నెండు స్వరాలనూ సమాన దూరాల్లో ఉంచే పద్ధతికి) ఎముకల గూడు తయారైనట్టే. మిగిలిన స్వరాలను ఆ గూటిలో నింపుతూ, లోపలి గాంధారాన్నీ బయటి షష్ఠాన్నీ పోల్చాను: జి3–బి3 బీట్లు 7.8, ఎఫ్3–డి4 బీట్లు 7.9, దాదాపు ఒకటే. ఈ పరీక్షలో రెండు జంటలనూ ఒకదాని వెంట ఒకటి మోగించి లయ మారిందా లేదా అన్నది మాత్రమే చూస్తాం కాబట్టి హోరులో ఇది చాలా నమ్మకమైనది.

తెరిపి వచ్చినప్పుడల్లా చేతిలో ఉన్న పనిని వదిలి పంచమాలూ చతుర్థాలూ విన్నాను. ఏ3–డి4 చతుర్థం సెకనుకు ఒక బీటు, ఏ3–ఈ4 పంచమం అంతకంటే కాస్త నెమ్మది. అవి ఎక్కడైనా వేగంగా వినిపిస్తే గాంధారాల్లో ఎక్కడో చిన్న పొరపాటు దాగి ఉందని అర్థం. ఇలా నెమ్మది బీట్లూ వేగం బీట్లూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకునేలా చూడటం నిశ్శబ్దంలో మంచి అలవాటు మాత్రమే, మోతలో మాత్రం తప్పనిసరి.

చేతికి వదిలిన పని

తీగను కావలసిన స్వరానికి తేవడం సగం పని, అక్కడ నిలిచేలా చేయడం మిగతా సగం. లివరు తిప్పినప్పుడు పిన్ను పైభాగం మెలితిరిగినా, చెక్కలో ఉన్న కింది భాగం కదలకుండా ఉండవచ్చు. లివరు వదలగానే ఆ మెలిక విప్పుకుని స్వరం దిగుతుంది. నిశ్శబ్దంలో అయితే గట్టిగా ఒకటి రెండుసార్లు కొట్టి, స్వరం జారిందా అని వింటాం. హోరులో ఆ సన్నని జారుడు వినబడదు. అందువల్ల ఇక్కడ నిర్ణయం చేతిది: పిన్ను కింది భాగం చెక్కలో కదిలినప్పుడు లివరు పిడిలో చిన్న పట్టు వదిలినట్టు తెలుస్తుంది, ఆ కదలిక తగలనిదే స్వరం ఎంత బాగున్నా పిన్ను స్థిరపడలేదనే తీసుకోవాలి. ప్రతి తీగనూ కావలసిన దానికంటే రవ్వంత పైకి తెచ్చి, పిన్నును మెల్లగా వెనక్కి ఒదిగించి, గట్టి దెబ్బలతో తీగ భాగాల మధ్య లాగుడును సమం చేశాను. ఈ పియానో పిన్నులు గట్టిగా ఉండటం మేలు చేసింది. వదులు పిన్నులున్న పియానో అయి ఉంటే ఆ మోతలో స్థిరత్వానికి నేను పూచీ పడేవాణ్ణి కాదు.

పై స్థాయి ముందు, మంద్రం చివర

పునాది అయ్యాక మామూలుగా ఎటు వెళ్ళినా ఫర్వాలేదు. ఇక్కడ మాత్రం పైకే వెళ్ళాను, ఎందుకంటే సి5 దాటిన తరవాత స్వరాల మూల పౌనఃపున్యాలే హోరు పైన ఉంటాయి. పైన చెప్పిన ఎఫ్3–ఏ5 తరహా జంటలతో ఒక స్థాయి, ఆ పైన రెండు స్థాయిల దూరపు జంటలతో మరి కొంత, అన్నీ బోరు నడుస్తుండగానే కుదిరాయి. చిట్టచివరి స్థాయిని కూడా మోతలోనే ముగించవచ్చు, కానీ అక్కడ చెవి అలసట ఎక్కువగా దెబ్బ తీస్తుంది. అలసిన చెవి పై స్వరాలను తక్కువగా ఉన్నట్టు విని, అవసరానికి మించి పైకి లాగిస్తుంది. దానిని మరునాటి ఉదయానికి వదిలేశాను.

ఒకే స్వరానికి ఉన్న మూడు తీగలను ఏకం చేయడంలోనే పియానో అందమంతా ఉంది, వినేవారు మొదట గుర్తించే లోపం కూడా అదే. ఇక్కడ బీటు సున్నాకు రావాలి, అంటే అతి నెమ్మది బీట్లను పట్టుకోవాలి. సి4 దగ్గర రెండు తీగల మధ్య పదోవంతు హెర్ట్జ్ తేడా ఉంటే మూల స్వరంలో ఒక అలకు పది సెకన్లు పడుతుంది. హోరులో అది తెలిసే అవకాశమే లేదు. కానీ అదే తేడా ఎనిమిదవ అనుస్వరంలో, అంటే 2100 హెర్ట్జ్ దగ్గర, ఎనిమిది రెట్లవుతుంది, అలకు సెకనుంబావు మాత్రమే. కాబట్టి స్వరం గుండ్రదనాన్ని వదిలి, దాని పైన మెరిసే సన్నని అంచును విన్నాను. ఆ అంచు అటూ ఇటూ ఊగకుండా ఒక్క గీతలా సాగినప్పుడు తీగలు కలిసినట్టు. అయినా మధ్య స్థాయి ఏకస్వరాలను దీనితో ముగిసినట్టు లెక్కించలేదు, ఎందుకంటే స్వరం మోగి క్రమంగా ఆరిపోయే తీరును కూడా వినాలి, దానికి నిశ్శబ్దమే కావాలి.

మంద్ర స్థాయి పూర్తిగా చీకటి పడ్డాకనే. అక్కడ స్థాయిలను సరిచూసే జంటల బీట్లు ఎక్కువగా 300–450 హెర్ట్జ్ మధ్య పుడతాయి; ఏ1–ఏ2ను తీసుకుంటే, ఒకదాని ఆరవ అనుస్వరమూ మరొకదాని మూడవ అనుస్వరమూ 330 దగ్గర కలుస్తాయి. హోరులో వీటికి ప్రత్యామ్నాయం లేదు. ఆ మనిషి చెప్పినట్టే పొద్దుగూకాక బండి ఆగింది. రోడ్డు మీద ఆటోలూ, హారన్లూ ఉన్నాయి కానీ హారను వచ్చి పోతుంది, బీటును కాసేపు ఆగి మళ్ళీ వినవచ్చు. ఆగకుండా సాగే హోరుతోనే చిక్కు. రాగి తీగ చుట్టిన ఆ లావు తీగలను పై నుంచి కిందికి, ఒక్కో స్థాయినీ మంద్ర షష్ఠంతో సరిచూస్తూ ముగించి, ఆ తరవాత మధ్య స్థాయి ఏకస్వరాలను మొదటి నుంచి మళ్ళీ విన్నాను.

ఇక్కడ యంత్రాల గురించి ఒక మాట. ఫోన్‌లో నడిచే ట్యూనింగ్ యాప్‌లు తాము చూడవలసిన అనుస్వరం చుట్టూ ఉన్న ఇరుకైన పట్టీని మాత్రమే వడకట్టి తీసుకుంటాయి కాబట్టి మోతలో అవి బాగానే పని చేయగలవు. వాటిని వాడేవారిని నేను ఎప్పుడూ తక్కువ చేయలేదు. అవి చేసే వడపోతనే చెవికి నేర్పడం నా పద్ధతి. ఏకస్వరాల దగ్గరా, పిన్ను స్థిరపడే దగ్గరా మాత్రం తుది తీర్పు చెవికీ చేతికీ వదలాలని నా గట్టి అభిప్రాయం.

మరునాటి పరిశీలన

పరీక్షలు మొదలయ్యే ముందు, వీధి ఇంకా లేవని వేళకు హాలు తెరిపించాను. రాత్రి చల్లదనానికి తీగలు కాస్త బిగిసి మొత్తం మీద శ్రుతి సన్నగా పైకి వచ్చింది, కానీ అన్నీ దాదాపు సమానంగా రావడంతో గాంధారాల మెట్లు చెదరలేదు. నిశ్శబ్దంలో పంచమాలను ఒక్కొక్కటే ఆరిపోయేదాకా విన్నాను. ఎఫ్3–సి4 మొదలు ఏ3–ఈ4 వరకు అన్నీ నెమ్మదిగా, ఒకదాని కంటే ఒకటి కాస్త వేగంగా తిరుగుతున్నాయి. మోతలో గాంధారాల మీద ఆధారపడి కట్టిన పునాదిని అంతకుమించి సరిదిద్దవలసి రాలేదు. మధ్య స్థాయిలో, మంద్ర తీగలూ మామూలు తీగలూ కలిసే సరిహద్దు దగ్గర, కొన్ని ఏకస్వరాల్లో ఒక్కో తీగ జారి ఉంది. పది సెంట్లు పైకి లాగిన పియానోలో అక్కడ అలా జరగడం మామూలే, మోత లేకపోయినా జరిగేదే. వాటిని సరిచేసి, వాయిదా వేసిన చివరి స్థాయిని తాజా చెవితో ముగించాను.

హాలు బాధ్యత చూసే మేడమ్ గారికి రెండు సూచనలు రాసి ఇచ్చాను. పరీక్షల వేళ పియానోకు సరిగ్గా పైన ఉన్న ఫ్యానును వేయవద్దని, దూరంగా ఉన్నవాటిని నడుపుకోవచ్చని మొదటిది. పిల్లలు వినికిడి పరీక్షలో స్వరాలు గుర్తుపట్టి పాడవలసి ఉంటుంది కాబట్టి ఆ ఊపు వారినీ తికమక పెడుతుంది. పియానో పక్కనున్న రెండు ట్యూబులైట్ల చోకులను మార్పించి ఎలక్ట్రానిక్‌వి వేయించమని రెండవది. జూన్‌లో వానలు పడి చెక్క మళ్ళీ తేమ పీల్చుకున్నాక మధ్య స్థాయి పైకి పోతుంది, అప్పుడు ఇంకోసారి చూడాలని చెప్పి, అందుకు ఉదయం ఎనిమిది లోపు హాలు ఇప్పించమని కోరాను.